నీళ్ళు యాడ దాకా వచ్చిండాయి

ఏటా వానలు మొదలయ్యాయంటే చిన్నమ్మ ఒక ప్రశ్న అడిగేది. అడగవలసింది మా నాన్నను. కానీ అడిగేది నన్ను.

"పాపా, లోపల నీళ్ళు యాడ దాకా వచ్చిండాయో మీ నాయన్ను అడుగు."

నాన్న అక్కడే గడప మీద కూర్చుని ఉండేవాడు. ఆమె మాట ఆయనకు చక్కగా వినిపించేది. అయినా నేను అటు తిరిగి, ఒక్క ముక్క మార్చకుండా అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. ఆయన నా వైపు చూసి, "ఇంగా అంత దాకా రాలేదని చెప్పు" అనేవాడు. నేను ఇటు తిరిగి ఆ జవాబు అందించాలి. చిన్నమ్మ తల ఊపి లోపలికి వెళ్ళిపోయేది. మళ్ళీ ఏడాది వానల దాకా ఆ ఊసు ఉండేది కాదు.

చిన్నమ్మ మా నాన్న తమ్ముడి భార్య. మా వాళ్ళలో తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడదు. ఆయన వస్తే పక్కకు తప్పుకుంటుంది, చెప్పవలసింది ఉంటే పిల్లల చేత చెప్పిస్తుంది. చాలా ఇళ్ళలో ఈ పట్టింపు ఎప్పుడో పోయింది. చిన్నమ్మ మాత్రం వదల్లేదు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరసల్లో, మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. ఇటు నాన్న దగ్గితే అటు ఆమెకు వినిపిస్తుంది. అయినా ఇద్దరి మధ్య టపా మోసే పని నాది. పెళ్ళయి శ్రీనివాసపురం దగ్గర పల్లెకు వచ్చాక కూడా ఆ ఉద్యోగం నాకు ఊడలేదు. గోడ అవతలి మనిషిని అడగడానికి ఆమె నాకు ఫోన్ చేసేది. నేను ఇక్కణ్ణుంచి నాన్నకు ఫోన్ చేసి అడిగి, మళ్ళీ ఆమెకు చేసి చెప్పేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మండినా చేసేదాన్ని, ఎందుకంటే ఆ ప్రశ్న మా చిన్నాయన గురించి.

చిన్నాయన గనిలో అడుగు మట్టాల్లో పనిచేసేవాడు. లోతుకు పోయేకొద్దీ పైనున్న బరువంతా రాయి మీద పడుతుంది. ఒక్కోసారి అది తట్టుకోలేక ఉన్నట్టుండి పగిలి పేలుతుంది. దాన్ని రాక్‌బర్స్ట్ అనేవాళ్ళు. అది జరిగితే పైన లైన్లలో ఇళ్ళు కదిలేవి, గూట్లో గిన్నెలు గలగలలాడేవి, ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలి, గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నా చిన్నప్పుడు ఒక సాయంకాలం అలాగే ఇల్లు కదిలింది. అందరూ పైకి వచ్చారు, చిన్నాయన రాలేదు. ఆయన ఉన్న చోటు మొత్తం మూసుకుపోయింది. తవ్వబోతే మళ్ళీ విరిగి పడింది. చివరికి ఇంక తవ్వడం కుదరదన్నారు.

గనిలో పనిచేసి వచ్చిన మనిషి మొహాన దుమ్ము తప్ప ఏమీ ఉండదు. కనురెప్పలు కూడా బూడిదరంగులో ఉంటాయి. చిన్నాయన వచ్చే వేళకు చిన్నమ్మ పెరట్లో రాగి అండా కింద మంట పెట్టేది. ఎండాకాలమైనా ఆయనకు వేణ్ణీళ్ళే. అడుగున రాయి కాలుతూ ఉంటుంది. అంత వేడిలోంచి వచ్చి చన్నీళ్ళు పోసుకుంటే నరాలు పట్టేస్తాయని లైన్లలో అందరూ అనేవాళ్ళు. ఆమె చేతి వెనక వైపు నీళ్ళలో ఆనించి చూసి, "ఇంగ పోసుకో" అనేది. ఆ సాయంకాలం కూడా అండా కింద మంట పెట్టే ఉంది. షాఫ్ట్ దగ్గర్నుంచి ఆమెను తీసుకొచ్చే వేళకు నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

శవం లేదు కాబట్టి గడ్డితో బొమ్మ చేసి దహనం చేశారు. ఆ కొన్ని రోజులూ చిన్నమ్మ పెద్దగా ఏడవలేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అనేది. "స్నానం లేకుండా పంపించేస్తిమే." శవానికి చేయించే ఆఖరి స్నానం గురించి అంటోందని అందరికీ అర్థమైంది. దానికి ఎవరూ చేయగలిగింది లేదు. గడ్డి బూడిదను చిన్న ముంతలో ఎత్తి, పారే నీళ్ళలో ఎప్పుడైనా కలపవచ్చని కర్మ చేయించిన పెద్దాయన చెప్పాడు. చిన్నమ్మ కలపలేదు. ముంతకు గుడ్డ కట్టి పెరట్లో సీమచింత చెట్టు కొమ్మకు వేలాడదీసింది. ఏటా ఆయన తిథి నాడు ఆ గుడ్డ మార్చేది. ఎందుకు కలపవని మా అమ్మ బతికి ఉన్న రోజుల్లో ఎన్నోసార్లు అడిగింది. "ఇంగా టైము రాలేదక్కా" అని తప్పించుకునేది. మొగుడు పోయాడని ఒప్పుకోలేకపోతోందని అమ్మ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఇక నాన్న సంగతి. నాన్న బంగారం తవ్వినవాడు కాదు, నీళ్ళు తోడినవాడు. గనిలోకి నీళ్ళెలా వస్తాయని చిన్నప్పుడు అడిగితే ఓపికగా చెప్పేవాడు. వాన ఎర్రమట్టిలో ఇంకుతుంది. మట్టి కింద మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి. గట్టి రాయిలో నీళ్ళుండవు, దాని నెర్రెల్లో ఉంటాయి. నెర్రె ఎటు పోతే నీళ్ళూ అటే. మనం గని తవ్వడమంటే ఆ నెర్రెలన్నిటికీ కింద ఒక నోరు తెరిచి పెట్టడమే. ఎప్పుడో ఎవరో తవ్వి వదిలేసిన పాత గుంతలు తగిలితే ఇక చెప్పనక్కర్లేదు, అక్కడ నిలిచిందంతా ఇటు దారి పడుతుంది. ఆ నీళ్ళు ఎక్కువగా పై మట్టాల్లోనే కారతాయి. అక్కడే కాలువ కట్టి, గుంటలోకి మళ్ళించి, పంపులతో అంచెలంచెలుగా పైకి తోడేయాలి. వదిలేస్తే షాఫ్ట్ గుండా సరాసరి అడుగుకు పోతాయి. అడుగు మట్టాల్లో పొడి, వేడి, దుమ్ము. అక్కడ మనుషులు పనిచేస్తుంటారు.

"నేను పట్టిన ప్రతి చుక్కా మీ చిన్నాయన నెత్తిన పడకుండా పట్టినట్టే పాపా" అనేవాడు నవ్వుతూ, తమ్ముడు బతికి ఉన్న రోజుల్లో. తమ్ముడు పోయాక కూడా ఆ పని అలాగే చేశాడు, నవ్వు మాత్రం పోయింది. కింద పడి ఉన్న తమ్ముడికి తడి తగలకుండా చూసుకోవడమొక్కటే తను చేయగలిగిందని నమ్మాడు. నీళ్ళంటే ఆయనకు శత్రువే. ఇంట్లో కుళాయి చుక్క కారినా నిద్రపోడు, లేచి వెళ్ళి గుడ్డ చుట్టి వస్తాడు.

తర్వాత గని మూసేశారు. పంపులు ఆపేయమన్నారు. ఆ రోజు పంపుల దగ్గర డ్యూటీ నాన్నది. ఆ సంగతి ఆయన నాకు చెప్పింది ఒక్కసారే, అదీ అమ్మ చనిపోయిన ఏడాది.

"మోటరు ఆగినాక వినబడె పాపా. అంతవరకూ దాని మోతలో తెలీలేదు. చుక్కలు పడతా ఉండాయి. గుంట నిండె. పొర్లి షాఫ్ట్‌లోకి పడబట్టె. నేను లిఫ్టెక్కి పైకి వస్తిని. తమ్ముడి మీదికి నీళ్ళొదిలేసి వస్తిని."

ఇన్నేళ్ళుగా ఆయన "అంత దాకా రాలేదు" అని చెప్పిస్తున్నది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. అది అబద్ధమని నాకు ముందే అనుమానం ఉంది. పైనుంచి పడే నీళ్ళు ముందు అడుగుకే పోతాయని తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. చిన్నమ్మ ఆ లెక్క ఎందుకు వేయలేదంటే, ఆమె దృష్టిలో గని నీళ్ళ సంగతి తెలిసినవాడు బావ ఒక్కడే. నీళ్ళు రాలేదని ఆయన అంటే రాలేదనే. చిన్నాయన పొడి నేల మీద పడుకుని ఉన్నాడని ఆమెను అనుకోనివ్వడమే మంచిదని నాకూ అనిపించింది. ఆ అబద్ధాన్ని కూడా ఏటా మోశాను.

మొన్న మామిడి కాపు అయిపోయి, లారీలన్నీ వెళ్ళిపోయాక, తోటలో కొత్త బోరు వేయించాలని మా ఆయన పట్టుబట్టాడు. పోయినేడు నాన్న చూపిన చోట వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. భూమిలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి కదా అని నమ్మాం. ఈసారి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి నీళ్ళున్న చోటు చెప్పే ఆయన్ను పిలిపించి గుర్తు పెట్టించాం. నాన్న ఆ కొబ్బరికాయను చూసిన చూపు నేనెప్పటికీ మరిచిపోను. ఇంటి పెద్దవాళ్ళు ఉండాలని, గుర్తు పెట్టేనాటికే నాన్ననూ చిన్నమ్మనూ పిలిచాను. ఒకే బస్సులో వచ్చారు, ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో.

బోరు లారీ పొద్దున్నే వచ్చింది. పసుపు, కుంకుమ, టెంకాయ అయ్యాక మోత మొదలైంది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. బూడిదరంగు దుమ్ము గొట్టంలోంచి చిమ్మి, దగ్గరి మామిడి చెట్లను కప్పేసింది. దూరంగా కూర్చో నాన్నా అంటే వినలేదు. లారీ పక్కనే నిలబడి, వచ్చే దుమ్మును అరచేతిలోకి తీసుకుని నలుపుతూ, వాసన చూస్తూ ఉన్నాడు. కాసేపటికి తల నుంచి పాదాల దాకా దుమ్ము కొట్టుకుపోయాడు.

చిన్నమ్మ అందరికీ మజ్జిగ తీసుకొస్తోంది. ఆయన్ను చూసి ఆగిపోయింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొడుగు, ఒకటే వంగిన భుజాలు. కనురెప్పల మీద కూడా దుమ్ము. పళ్ళెం నా చేతికిచ్చేసి ఇంటి వెనక్కు వెళ్ళింది. నేను తొంగి చూస్తే అండాలో నీళ్ళు నింపి, కింద కొబ్బరి మట్టలు పెట్టి ముట్టిస్తోంది. మా స్నానాల గదిలో గీజరు ఉందని చెప్పబోయి ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి నీళ్ళు తగిలాయి. ముందు దుమ్ము తడిసి ముద్దలుగా వచ్చింది, తర్వాత బురద, తర్వాత ఎగజిమ్మిన తెల్లని ధార. అందరూ అరిచారు. కొబ్బరికాయ ఆయన పేరు ఊరంతా మోగిపోతుందని మా ఆయన నాన్నను ఆటపట్టించాడు. మోత ఆపాక అందరూ చెట్టు కింద కూర్చున్నారు. మా ఆయన మంచి హుషారుగా ఉన్నాడు.

"మామా, అంత పెద్ద గని గదా, మోటర్లు ఆపినాక నీళ్ళు నిండేదానికి ఎన్నాళ్ళు పట్టింటాది?"

నాన్నను ఎవరైనా పని గురించి అడిగితే చాలు, చుట్టూ ఎవరున్నారో చూసుకోడు.

"నిండేదానికి శానా ఏండ్లు పడతాదప్పా. కానీ అడుగు నిండేదానికేముండాది? నీళ్ళు పైన కారినా పడేది అడుక్కే గదా. రెండు మూడు వానలకే కింద మట్టాలన్నీ మునిగిపోయింటాయి. ఎప్పటి మాట!"

అన్నాక గాని ఆయన తలెత్తలేదు. నా వెనక చిన్నమ్మ నిలబడి ఉంది. ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చింది.

ఆమె గ్లాసులు ఒక్కొక్కటే ఏరుకుని, ఇంటి వెనక్కు వెళ్ళి, మంట ముందు కూర్చుంది. నాన్న మొహాన దుమ్ములోంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. కాసేపటికి నన్ను పిలిచాడు.

"పాపా, మీ చిన్నమ్మతో చెప్పు... నేను..."

ఏం కోపం వచ్చిందో, నాకే తెలియదు. ఇన్నేళ్ళ టపా అంతా ఒక్కసారి గుర్తొచ్చింది.

"నా వల్ల కాదు నాయినా. నువ్వే చెప్పుకో."

ఆయన లేచి ఇంటి వెనక్కు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను, పడిపోతాడేమోనని భయం. ఆమెకు కొంత దూరంలో గోడ వైపు తిరిగి నిలబడి, గోడతోనే చెప్పాడు.

"మోటరు ఆపింది నేనేమ్మా. ఆ పొద్దు డ్యూటీ నాది. నీళ్ళు రాలేదని నీకు అబద్ధం చెప్పిస్తా వచ్చినా. వాడు మునిగిపోయినాడని చెప్పేదానికి నోరు రాలేదు."

చిన్నమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కోలేదు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళకు మొదటిసారి నేరుగా ఆయనతో మాట్లాడింది.

"అయితే ఆయనకు నీళ్ళు తగిలినాయా బావా?"

నాన్న ఇటు తిరిగాడు.

"ఏండ్లయిపోయినాదమ్మా."

"నేను దానికోసరమే గదా ప్రతేడూ అడగతా ఉండేది! దుమ్ముతోనే ఉండాడు, ఒంటిమీద చెంబుడు నీళ్ళు పడలేదు అని గదా నేను ఏడస్తా ఉండేది! స్నానం కాని మనిషి బూడిద ఎట్ల కలిపేది? ఇంగా రాలేదు, ఇంగా రాలేదు అంటే, ఆ ముంత అట్లే పెట్టుకోనుంటిని గదా బావా!"

ఆమె గొంతులో కోపం ఉంది. న్యాయమైన కోపం. నాన్న గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. ఒకే నీళ్ళు. అవి రాకూడదని ఒకరు, రావాలని ఒకరు, మధ్య గోడ ఒక్కటే పెట్టుకుని ఇన్నేళ్ళు బతికారు. రోజూ ఒకరి దగ్గు ఒకరు వింటూ. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరినీ పట్టుకుని కుదిపేయాలనీ అనిపించింది.

చిన్నమ్మ కోపం ఎక్కువసేపు నిలవలేదు. మంటను చూస్తూ, మెల్లగా ఇంకో మాట అడిగింది.

"ఆ నీళ్ళు సల్లగా ఉంటాయా బావా?"

నాన్న మొహం తుడుచుకున్నాడు.

"లేదమ్మా. అంత లోతులో రాయి కాలతా ఉంటాది. నీళ్ళు వెచ్చగానే ఉంటాయి."

ఆమె తల ఊపింది. ఈసారి లోపలికి వెళ్ళిపోలేదు. అండా దగ్గరికి వెళ్ళి, చేతి వెనక వైపు నీళ్ళలో ఆనించి చూసింది. "నువ్వు పోసుకో బావా. కాగినాయి" అంది.

తర్వాతి వారం చాంపియన్ రీఫ్స్‌కు నేనూ వెళ్ళాను. వాన పడి వెలిసింది. పొద్దున్నే మారికుప్పం రైలెక్కి పనులకు పోయేవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు, లైన్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. చిన్నమ్మ సీమచింత కొమ్మ నుంచి ముంత విప్పింది. ఏ చెరువుకు పోదామని నేను అడిగితే, చెరువెందుకన్నాడు నాన్న. కాంక్రీటు మూత వేసిన పాత షాఫ్ట్ దాటి, తుప్పలు తొక్కుకుంటూ ఒక పల్లం దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ నీళ్ళు మడుగులు కట్టి ఉన్నాయి. ఆ పల్లంలో మాత్రం చుక్క నిలవలేదు. నాలుగు వైపుల నుంచీ వాననీళ్ళు సన్నగా పారుతూ వచ్చి, ఒక నెర్రెలోకి దిగిపోతున్నాయి. ఆ నీళ్ళు గనిలోకి పోకుండా దాన్ని పూడ్పించడానికి పని రోజుల్లో తను ఎంత కొట్లాడాడో చెప్పాడు. ప్రతి వానకూ మట్టి వేయించేవాళ్ళట. ఇప్పుడు దానికి అడ్డుపడ్డ కొమ్మలను తనే వంగి తీసేశాడు.

చిన్నమ్మ గుడ్డ విప్పి, ముంతను నెర్రె మీదికి వంచింది. బూడిద నీళ్ళలో కలిసి లోపలికి పోయింది. ఇంటి నుంచి కొంగు చాటున చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చింది. తెచ్చిందని మాకు అప్పటిదాకా తెలియదు. చేతి వెనక వైపు ఆనించి చూసుకుంది. పోయబోయి, ఇవి ఆయన దాకా పోతాయా అన్నట్టు నెర్రెలోకి చూసింది.

నాన్న నా వైపు చూడలేదు. ఆమెతోనే అన్నాడు.

"నిదానంగా పొయ్యమ్మా. పోతాది. అంతా కిందికే పోతాది."